అడవి బడికి పంతులు



దుమ్ముగూడెంలో గోదావరి ఆనకట్ట పనులు చూసిన కెప్టెన్ హేగ్ దొరగారి చొరవతో అక్కడ కోయ మిషను మొదలైనదనీ, తరువాత వచ్చిన జాన్ కెయిన్ దొరగారు కోయభాష నేర్చుకొన్నారనీ మన పెద్దలవలన వినియున్నాము. బోధించవచ్చినవారే ముందు విద్యార్థులైరన్నమాట!

నేడు చిన్నపిల్లల పంతులు కాగోరువారు ఇంటర్మీడియట్ ముగించి, డీసెట్ అను 100 మార్కుల ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకొనవలెను. ఆపైన రెండేండ్ల శిక్షణ. 2000 జనవరి 10న వెలువడిన 3వ నంబరు జీవో ఏజెన్సీ బడులలోని టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించినది. కనుక చర్ల, దుమ్ముగూడెం పిల్లలకు శిక్షణలో సీటు దొరికితే సొంత ఊరి బడికే దారి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసినది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారిని మాత్రం షరతులతో ఉండనిచ్చినది. 2023 ఆగస్టులో బి.ఇడి. వారు ప్రాథమిక బడులకు అర్హులు కారని అదే కోర్టు తేల్చుటతో ఈ సీటుకు మరల గిరాకీ వచ్చినది.

నాకు తోచిన వెలితి ఒకటున్నది. డీసెట్ ప్రశ్నలు తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ మాధ్యమాలలో ఉండును. కోయ మాట్లాడగలిగినందుకు ఒక్క మార్కూ లేదు. ఇంట కోయ తప్ప వినని పసివాడు ఒకటో తరగతిలో బిక్కమొగం వేసికొని కూర్చుండగా, పంతులు వాని పేరు అడుగునది తెలుగులోనే.