గోతి అనే మనిషి: కోరాపుట్ కొండల్లో స్వేచ్ఛ ప్రశ్న

అస్తిత్వవాదం అనగానే మన విమర్శకులకు పారిస్ కాఫీ హోటళ్ళు, రెండవ ప్రపంచ యుద్ధం గుర్తుకు వస్తాయి. తెలుగులోనైతే బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', ఆ తరువాత త్రిపుర కథలు. ఈ వరుసలో కోరాపుట్, రాయగడ కొండల ఊసు ఎవరూ ఎత్తరు. స్వేచ్ఛ అనే మాటకు అర్థం వెతకవలసిన చోట్లలో అవి ముఖ్యమైనవని మా అభిప్రాయం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేవరకు ఈ కొండలు మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం ఏజెన్సీలో భాగం. జయపురం జమీందారీ కిందివి. (రాయగడ 1992లో వేరు జిల్లా అయింది.) ఇక్కడ సావుకారు దగ్గర తెచ్చిన అప్పు తీర్చలేనివాడు తన్ను తానే తాకట్టు పెట్టుకుని అతని పొలంలో చాకిరీకి కుదిరేవాడు. అటువంటివాణ్ణి 'గోతి' అనేవారు. తెలుగు చెవికి ఇది 'గోతిలో పడ్డాడు' అన్నప్పటి గోతిలా వినిపిస్తుంది. వ్యుత్పత్తి సంగతి ఎలా ఉన్నా అర్థం మాత్రం కుదిరింది. లెక్క రాసేది సావుకారు, చదవలేనివాడు గోతి. అసలు తరగదు, వడ్డీ ఆగదు.

పైకి చూస్తే ఇది ఒప్పందమే. ఎవరూ సంకెళ్ళు వేయలేదు, అతడే ఒప్పుకున్నాడు. స్వేచ్ఛను వదులుకునే స్వేచ్ఛ మనిషికి ఉండదని జాన్ స్టూవర్ట్ మిల్ 1859లోనే వాదించాడు. ఆ వాదం ఇక్కడ చట్టరూపం దాల్చడానికి చాలా కాలం పట్టింది. ఒరిస్సా రుణదాస్య నిర్మూలన రెగ్యులేషన్ 1948లో వచ్చింది. దేశమంతటికీ వర్తించే వెట్టి నిర్మూలన చట్టం 1976 నాటిది.

చట్టం కంటె ముందు నవల వచ్చింది. ప్రభుత్వోద్యోగిగా ఈ ప్రాంతంలో పనిచేసిన గోపీనాథ మహాంతి 1945లో 'పరజా' ప్రచురించారు. అందులో శుక్రుజాని అనే రైతు అడవిలో చెట్లు నరికినందుకు పడిన జరిమానా కట్టడానికి అప్పు చేసి గోతి అవుతాడు. కొడుకులూ అదే దారి పట్టవలసి వస్తుంది. చివరకు తండ్రీ కొడుకులు సావుకారును గొడ్డలితో నరికి, తామే పోలీసుల దగ్గరకు నడిచి వెళ్ళి నేరం ఒప్పుకుంటారు. ఆ నడకను తిరుగుబాటనో ఓటమి అనో తేల్చడం సులువే. మాకు మాత్రం అందులో కనిపించేది మరొకటి. జీవితమంతా మరొకరి లెక్కలో అంకెగా బతికినవాళ్ళు ఒక్క పనిని 'ఇది మాది' అని సొంతం చేసుకుంటున్నారు. అంత ఘోరమైన పని తప్ప సొంతం చేసుకోదగినది వాళ్ళకు మిగలకపోవడమే ఆ కథలోని విషాదం.

సార్త్ర్ 'సత్త, శూన్యం' వెలువడింది 1943లో. ఎటువంటి పరిస్థితిలోనైనా మనిషికి ఎంపిక మిగిలే ఉంటుందని, సంకెళ్ళలో ఉన్న బానిసకూ ఇది వర్తిస్తుందని ఆయన సిద్ధాంతం. అదే ఏడాది మార్చి 29న, మత్తిలి పోలీసు స్టేషన్ ఘటనలో హత్యానేరం మోపబడిన కోరాపుట్ గిరిజన నాయకుడు లక్ష్మణ్ నాయక్‌ను బరంపురం జైలులో ఉరితీశారు. శుక్రుజాని ముందు నిలబెడితే సార్త్ర్ మాట తేలిపోతుంది. ఇది మా సాహసం కాదు. ఎప్పుడూ ఎంపిక ఉంటుందన్న తన పాత నిర్ణయం తప్పని 1969 నాటి సంభాషణలో ఆయనే ఒప్పుకున్నాడు.

ఇంకొక చిక్కు ఉంది. ఐరోపా అస్తిత్వవాదం 'నేను'తో మొదలవుతుంది. రాయగడ డొంగ్రియా కోందుల భాష కువి, తెలుగులాగే దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినది. 'మేము', 'మనము' అనే భేదం రెండింటిలోనూ ఉంది. ఎదుటివాణ్ణి కలుపుకోవాలా, వేరుగా ఉంచాలా అన్నది నోరు తెరిచిన ప్రతిసారీ తేల్చుకోక తప్పని భాష ఇది. ఇంగ్లీషుకు, ఫ్రెంచికి ఆ బాధ లేదు. వ్యాకరణం నుంచి తత్త్వాన్ని పిండరాదని తెలిసినవాళ్ళమే అయినా ఈ ఒక్కచోట ఆగకుండా ఉండలేకపోతున్నాము.

ఎందుకంటే 2013లో ఆ ప్రశ్న నిజంగానే వాళ్ళ ముందుకు వచ్చింది. నియమగిరిపై బాక్సైట్ తవ్వకం తమ మతహక్కులకు భంగమో కాదో గ్రామసభలే తేల్చాలని ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు ఊళ్ళను ఎంపిక చేశారు. జూలై 18న సెర్కపాడిలో మొదటి సభ జరిగింది. అడిగింది అందరినీ కలిపి, కాని సభలో లేచి నిలబడి చెప్పవలసింది ఎవరికి వారే. సార్త్ర్ చెప్పిన ఎంపిక, కువి చెప్పే 'మేము' అక్కడ ఒకే గొంతులో కలిశాయనిపిస్తుంది. ఒక్కొక్క ఊరూ తవ్వకం వద్దంది. ఆగస్టు 19న జరపలో కూడిన పన్నెండవ సభ కూడా అదే మాట చెప్పింది.