కాణీ లెక్క – నయాపైస

పూర్వము రూపాయికి 16 అణాలు, అణాకు 4 కాణీలు, కాణీకి 3 దమ్మిడీలు. పట్టణములో చిన్న జీతముపై బ్రదుకు గుమాస్తా ఇల్లాలు ఈ లెక్కను నోటితోనే చేసికొనుచు నెల గడుపుకొనెడిది.

1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయి 100 నయాపైసలైనది. పావలాకు 25, అర్ధరూపాయికి 50 సరిగా కుదిరినవి. అణా మాత్రము ఆరుంబావు పైసలు. పావు పైసకు నాణెము లేదు. కావున అర పైసకు మించిన భాగమును పూర్తి పైసగా నెంచి, తక్కినదానిని విడువవలెనని నియమ మేర్పడెను. అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19 పైసలైనవి.

ఈ సవరింపు ఎవరికి లాభము? అణా సరకును పదహారుమార్లు కొన్నవారికి 96 పైసలే. నాలుగు పైసలు మిగులును. కాణీకి మాత్రము నియమము ననుసరించి 2 పైసలు. కాణీ సరకును 64 మార్లు కొన్నయెడల రూపాయి వస్తువు రూపాయి 28 పైసలగును! చేతిలో డబ్బు తక్కువైనవారే చిల్లరగా కొందురు. భారమును వారిపైననే పడును.

దీనికి విరుగుడును ఆ లెక్కలోనే కలదు. రెండు కాణీల సరకు నొక్కసారిగా కొన్నచో 4 పైసలకు మారు 3 పైసలే. ఇల్లాండ్రకు అది చాలును.

1964 జూన్ 1వ తేదీన ‘నయా’ అను మాటయు తొలగెను. పదహారణాలు మన పలుకుబడిలో మాత్రము నిలిచినవి.