మోసిన్ ఇచ్చి ఇషాపూర్ తెచ్చుకున్నా

పోయిన శనివారం మా షూటింగ్ రేంజి పార్కింగ్‌లో ఒక మార్పిడి జరిగింది. నా దగ్గరున్న రష్యన్ మోసిన్ నాగాంట్ రైఫిల్, దానితోపాటు ఇంకా మూత తియ్యని ఒక తూటాల డబ్బా (440 తూటాలు, మన నూనె డబ్బాలా సీలు వేసి ఉంటుంది) ఇచ్చాను. రిటైరైన ఒక పెద్దాయన తన ఇషాపూర్ 2ఏ1 ఇచ్చాడు. ఇద్దరం డ్రైవింగ్ లైసెన్సులు చూసుకున్నాం, కాగితమ్మీద సీరియల్ నంబర్లు రాసుకున్నాం, సంతకాలు పెట్టుకున్నాం. పది నిమిషాలు. టెక్సాస్‌లో ఇద్దరూ అదే రాష్ట్రం వాళ్ళై, తుపాకీ ఉంచుకోకూడని వాళ్ళు కాకపోతే ఇంతకంటే తతంగం లేదు. సంతకాలు కూడా మా తృప్తి కోసమే.

హెచ్1బీ మీద ఉన్న మిత్రులకి ముందే ఒక మాట. ఇది చదివి ఉత్సాహపడిపోకండి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీదున్న వాళ్ళు ఇక్కడ తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ నేరం. వేట లైసెన్సులాంటి మినహాయింపులు ఉన్నాయి కానీ, లాయర్ని అడక్కుండా వాటి జోలికి వెళ్ళొద్దు. నేను గ్రీన్ కార్డు వచ్చాకే, 2010లో, ఆ మోసిన్ కొన్నాను. అప్పట్లో వంద డాలర్లు కూడా లేదు. సోవియట్ గోదాముల్లోంచి గ్రీజు పట్టించినవి పట్టించినట్టు పెట్టెల్లో వచ్చేవి. ఆ గ్రీజు కడగడానికి నాకు రెండు వారాంతాలు, మా ఆవిడ దగ్గర ఒక పాత బకెట్టు ఖర్చయ్యాయి. 1942 ముద్ర ఉన్న తుపాకీ. ఎవరు పట్టుకున్నారో, ఎక్కడ పట్టుకున్నారో తెలీదు.

మరి ఎందుకిచ్చేశావంటారా? పైకి చెప్పే కారణం తూటాలు. 2021లో రష్యా నుంచి తూటాల దిగుమతికి కొత్త అనుమతులు ఇవ్వడం అమెరికా ఆపేసింది. పాత మిలిటరీ తూటాల మందులో ఉప్పు గుణం ఉంటుంది, కాల్చిన రోజే వేణ్ణీళ్ళతో గొట్టం కడక్కపోతే తుప్పు. ఇషాపూర్‌కైతే నాటో 7.62 సైజు, ఎక్కడైనా దొరుకుతుంది. అసలు కారణం వేరే. ఆ పెద్దాయన రైఫిల్ ఇనుము మీద "ఆర్.ఎఫ్.ఐ. 1967" అని ఉంది. రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్, బెంగాల్. ఇక్కడ ఈ ఎండలో, ఒక పికప్ ట్రక్కు వెనకాల, మన దేశం పేరున్న ఇనుము కనబడేసరికి నాకు బేరమాడబుద్ధి కాలేదు.

ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి బాపుకి చెప్పాను. మాది జుక్కల్ దగ్గర పల్లె. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా, 2016 నుంచీ కామారెడ్డి. అటు మరాఠీ, ఇటు కన్నడం, మధ్యలో మా తెలుగు. బాపుకి ఎనభై దాటాయి.

"గిప్పుడు ఏం తుపాకి రా?"

"మన దేశంలో చేసిందే బాపూ. పోలీసోళ్ల దగ్గర ఉంటుండె గదా, త్రీనాట్‌త్రీ, దాని తమ్ముడు."

"గదెందుకు నీకు?"

జవాబు చెప్పలేక అమ్మకి ఇవ్వమన్నాను. తర్వాత రెండు మూడు రోజులు ఆ ప్రశ్న వదల్లేదు. ఈ టపా దానికి నేను వెతుక్కున్న జవాబు.

లీ ఎన్‌ఫీల్డ్ అనే పేరులో లీ అన్నది బోల్టు, మ్యాగజీన్ డిజైన్ చేసిన జేమ్స్ పారిస్ లీ, ఎన్‌ఫీల్డ్ అన్నది లండన్ పక్కన ఆయుధాల కర్మాగారం ఉన్న ఊరు. మన బుల్లెట్ బండి పేరు కూడా అక్కణ్ణించి వచ్చిందే. ఆ కంపెనీ మొదట్లో ఈ కర్మాగారానికి విడిభాగాలు సరఫరా చేసేది.

ఆ ఎన్‌ఫీల్డ్ నుంచి వచ్చిన 1853 నాటి రైఫిలే 1857లో కొవ్వు పూసిన తూటాల గొడవకి కారణమైంది. ఇదంతా మీరట్, ఢిల్లీ కథ అని స్కూల్లో చదువుకున్నాం. మా జుక్కల్ మండలంలోనే కౌలాస్ కోట ఉంది. ఆ కౌలాస్ రాజా దీప్‌సింగ్ ఆ తిరుగుబాటుకి తోడ్పడ్డాడని జైలుపాలయ్యాడు. చిన్నప్పుడు ఆ కోట బురుజులెక్కి ఆడుకున్నాం, ఒక్క మాస్టారు కూడా ఈ ముక్క చెప్పలేదు!

తిరుగుబాటు అణిచాక బ్రిటిష్ వాళ్ళు చేసిన పని చూడండి. రైఫిల్‌ని రైఫిల్ చేసేది గొట్టం లోపల మెలికలు తిరిగే గాడులు. వాటివల్లే తూటా గిరగిరా తిరుగుతూ సూటిగా, దూరం పోతుంది. 1858లో భారతీయ సిపాయిల కోసం అదే తుపాకీని, చూడ్డానికి అచ్చం అదే తుపాకీని, ఆ గాడులు లేకుండా తయారు చేశారు. అంటే ప్రొడక్టు ఒకటే, ముఖ్యమైన ఫీచర్ డిజేబుల్ చేసి మనకిచ్చారన్నమాట. తెల్ల సిపాయికి ఫుల్ వెర్షన్, నల్ల సిపాయికి ట్రయల్ వెర్షన్. ఆ తర్వాత కూడా చాలాకాలం భారతీయ దళాలకి ఒక తరం పాత తుపాకులే. 1914లో మన దళాలు ఫ్రాన్స్‌లో యుద్ధానికి వెళ్తే, మార్సేల్స్ రేవులో దిగాక పాతవి తీసుకుని కొత్త రైఫిళ్ళిచ్చారు. అలవాటు లేని తుపాకీతో నేరుగా జర్మన్ల మీదికి. సర్‌ప్లస్ రైఫిళ్ళ మార్పిడి నా హాబీ. వాళ్ళకి ఆ మార్పిడిలో ఎంపిక లేదు.

మధ్యలో 1878 ఆయుధాల చట్టం. భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి, యూరోపియన్లకి మినహాయింపు. (మా వైపు నిజాం రాజ్యం కాబట్టి ఆ చట్టం నేరుగా వర్తించేది కాదు. అక్కడ దొరల గడీలో తుపాకీ, మిగతావాళ్ళ చేతిలో వడిసెల. దానికి చట్టం కూడా అక్కర్లేదు.)

నాకు అన్నిటికంటే విచిత్రంగా అనిపించేది .410 మస్కెట్. ఇషాపూర్‌లోనే .303 రైఫిళ్ళ గొట్టాలు నున్నగా మార్చి, మ్యాగజీన్ చోట చెక్క ముక్క బిగించి, ఒక్కసారికి ఒక్క తూటా పెట్టేలా చేసి పోలీసులకి, కాపలావాళ్ళకి ఇచ్చారు. ఎవరైనా ఎత్తుకుపోతే సైన్యం తూటా అందులో పనికిరాదు. కావాలని ఇన్‌కంపాటిబుల్ చెయ్యడమన్నమాట. మనం సాఫ్ట్‌వేర్‌లో చేస్తే వెండర్ లాకిన్ అంటారు. ఈ మస్కెట్లు ఇప్పుడు అమెరికాలో కలెక్టర్ల దగ్గర కనిపిస్తాయి. ఒకసారి చేతిలోకి తీసుకుని చూశాను. చెక్క ముక్క అలాగే ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ అపనమ్మకం పోయిందా అంటే, పూర్తిగా పోలేదు. .303 సైజు ఇండియాలో నిషిద్ధ బోరు, మామూలు పౌరుడికి లైసెన్సు ఇవ్వరు. అందుకే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు అదే లీ ఎన్‌ఫీల్డ్ యంత్రాంగానికి .315 గొట్టం పెట్టి పౌరులకి అమ్మాయి. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర మూడు తుపాకులుండే పరిమితి రెండుకి తగ్గింది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకీ కూడా స్టేషన్లో అప్పజెప్పాలి. ఇక్కడి స్కూళ్ళలో జరిగే కాల్పుల వార్తలు చదివిన తండ్రిగా, ఆ కట్టుబాట్లని వెక్కిరించే ధైర్యం నాకు లేదు. మా అమ్మాయి క్లాసులో ఏడాదికి రెండుసార్లు బెంచీల కింద దాక్కోవడం ప్రాక్టీసు చేయిస్తారు. నా రైఫిల్ ఇనప బీరువాలో ఉంటుంది, బోల్టు వేరే చోట.

ఇక నా 2ఏ1 సంగతి. 1962లో చైనా యుద్ధంలో మన సైనికుల చేతిలో ఎక్కువగా ఉన్నవి ఈ .303 బోల్టు రైఫిళ్ళే. ఎదుట ఆటోమేటిక్‌లు. ఆ దెబ్బ తర్వాత, కొత్త సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్ళు సరిపడా వచ్చేదాకా తట్టుకోడానికి, పాత డిజైన్‌నే గట్టి ఉక్కుతో 7.62కి మార్చి కొత్తగా తయారు చేశారు. మొదటిది 2ఏ. తర్వాత గురి పట్టీ మీద 2000 మీటర్లని 800కి తగ్గించి 2ఏ1 అన్నారు. బోల్టు రైఫిల్‌తో రెండు కిలోమీటర్ల దూరం కొట్టే మొనగాడెవడులే అని ఎవరో నిజం ఒప్పుకున్నట్టుంది. ఇవి పాత .303ల్ని మార్చినవని ఇక్కడ చాలామంది పొరబడతారు, కాదు. మ్యాగజీన్ చదరంగా ఉంటుంది, ముందు కర్ర చీలకుండా అడ్డంగా ఒక స్క్రూ. అలాంటి రోగాలకి మన ఎండా, వానా తెలిసినవాడి మందు అది. .303 మాత్రం పోలీసుల దగ్గర ఇంకా చాలాకాలం బతికింది. 2008 నవంబరులో ముంబయి రైల్వే స్టేషన్లో ఏకే 47లకి ఎదురు నిలిచిన పోలీసుల చేతుల్లో అవే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే నాడు దానికి వీడ్కోలు చెప్పారు.

ఇదంతా చదువుకుని, ఆదివారం మళ్ళీ ఫోన్ చేసి ఉత్సాహంగా చెప్పబోయాను. బాపు వినలేదు. తనే మొదలుపెట్టాడు. నా నలభై తొమ్మిదేళ్ళలో ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తగా వినలేదు.

1948. ఆ వేసవిలో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో నిజాంకి ఆయుధాలు తెచ్చేవాడు, అవి దిగిన చోట్లలో మాకు దక్షిణాన ఉన్న బీదర్ ఒకటి. (తర్వాత బ్రిటన్ కోర్టు ఆయనకి వేసిన జరిమానా 200 పౌండ్లు!) అవేవీ ఊళ్ళదాకా రాలేదు. చాలామంది రజాకార్ల దగ్గర ఉన్నవి బర్మార్ తుపాకులు, కత్తులు, బరిసెలు. సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. పోలీసు చర్య అని మన పుస్తకాల్లో అక్కడితో అధ్యాయం ముగుస్తుంది. ఆ తర్వాతి వారాల్లో మా పొరుగునున్న నాందేడ్, బీదర్‌లలో, ఉస్మానాబాద్, గుల్బర్గాలలో ముస్లింల మీద జరిగినదాన్ని సుందర్‌లాల్ కమిటీ రాసింది. చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా అని దాని అంచనా. ఆ నివేదిక జనానికి అందేసరికి 2013.

మా తాత ఇంటి పక్కన ఒక ముస్లిం కుటుంబం ఉండేదట. రజాకారు కాదు, పొలం కాపలాకి ఒక బర్మార్ ఉండేది. మిలిటరీ సోదా చేస్తోంది, తుపాకీ దొరికితే మనిషిని తీసుకుపోతారని తెలిసి, ఆయన ఒక రాత్రి దాన్ని గోనెలో చుట్టి మా తాత దగ్గరికి తెచ్చాడు. దాచమని. దాస్తే మా తాతకి కష్టం, దాయకపోతే ఆయనకి. బయటికి ఇస్తే దాంతోనే ఎవడో ఆయన్నే కాలుస్తాడు.

"బాయిల ఏసిండు," అన్నాడు బాపు. "నేను గట్టు మీద నిలబడ్డ. ఆరేండ్లుంటయేమో నాకు. సప్పుడు పెద్దగ కాలే."

"తర్వాత ఆయన అడగలేదా తుపాకి?"

"ఆళ్లు దెగ్లూర్ పోయిండ్రు. మల్ల రాలే. బాయి గూడ పూడ్సిండ్రు, నువ్వు పుట్టకముందే."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత బాపే అడిగాడు, నా దానికి తుప్పు పట్టలేదు గదా అని. లేదన్నాను. నూనె రాయమన్నాడు.