అక్షరం దాటిన 'లిటరల్లీ'

ఇంగ్లిషు 'లిటరల్లీ'కి మూలం లాటిన్ 'లిట్టెరా'. అంటే అక్షరం. తెలుగులో దానికి సరిసాటి మాట 'అక్షరాలా'. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నామనడానికి అక్కడా ఇక్కడా జనం అక్షరాన్నే సాక్షిగా నిలబెట్టారు.

మధ్యయుగాల యూరప్‌లో బైబిలు వాక్యానికి పైకి కనిపించే అర్థం ఒకటి, లోపల దాగిన ఆధ్యాత్మికార్థం మరొకటి అని పండితులు విడదీసేవారు. మొదటిది అక్షరార్థం. 'లిటరల్లీ' మొదట చెప్పింది దాన్నే. మక్కికి మక్కి అనువాదానికీ అదే మాట. 17వ శతాబ్దం చివరికి దాని పని కొంత మారింది. చెప్పేది నిజమే, పెంచి చెప్పడం లేదు, నమ్మండి అని ఒత్తి పలకడానికి వాడసాగారు. పెంచి చెప్పడం లేదని పూచీ పడ్డ ఆ మాటే వందేళ్లు తిరగకుండా అతిశయోక్తికి కొలువు చేయసాగింది.

1769లో ఫ్రాన్సిస్ బ్రూక్ రాసిన 'ది హిస్టరీ ఆఫ్ ఎమిలీ మాంటేగ్' ఉత్తరాల రూపంలో సాగే నవల. వస్తూనే అందగత్తెల నడుమ పడ్డ ఓ అదృష్టవంతుణ్ణి వర్ణిస్తూ, బైబిల్లోని లిల్లీపూల పోలిక తెచ్చి దాని ముందు 'లిటరల్లీ' చేర్చారు అందులో. అక్కడ పూలే లేవు. ఈ అర్థానికి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చూపే తొలి ఉదాహరణ ఇదే. 1876లో మార్క్ ట్వైన్ కూడా ఆ దారే పట్టాడు. కంచెకు సున్నం వేసే పనిని తోటి పిల్లలకు అంటగట్టి, బదులుగా గాలిపటం, గోళీలు, చచ్చిన ఎలుక పోగేసుకున్న టామ్ సాయర్ సిరిసంపదల్లో మునిగితేలుతున్నాడంటూ ఈ మాటే వేశాడు. జేమ్స్ జాయిస్ 'ది డెడ్' కథ తొలి వాక్యంలోనే, ఊపిరి సలపని పనిమనిషి గురించి చెబుతూ దీన్ని వాడాడు.

అభ్యంతరాలు 20వ శతాబ్దంలో గట్టిపడ్డాయి. 1909లో అమెరికన్ రచయిత ఆంబ్రోస్ బియర్స్, 1926లో ఇంగ్లిషు వాడుకపై నిఘంటువు రాసిన ఫౌలర్ ఈ వాడుకను తప్పుపట్టారు. 1909లోనే మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు దాన్ని నమోదు చేసింది. ఆక్స్‌ఫర్డ్ 2011లో చేర్చింది. 2013లో ఆ సంగతి పత్రికల కంటపడి పెద్ద గోలే అయింది.

నిజానికి ఇది ఇంగ్లిషుకు కొత్త కాదు. 'వెరీ' కూడా ఒకప్పుడు 'నిజమైన' అనే అర్థమున్న మాటే. లాటిన్ 'వేరుస్' దాని మూలం. ఇప్పుడది 'చాలా' అయి కూర్చుంది. తెలుగులోనూ ఎండన పడి వచ్చినవాళ్లు 'నిజంగా చచ్చిపోయాం' అంటారు, తప్పుగా వినేవాళ్లుండరు. అలాగని విమర్శకులది వట్టి చాదస్తం కాదు. సాక్షి వాంగ్మూలంలో, అనువాదంలో, ఒప్పంద పత్రంలో పాత అర్థం చెక్కుచెదరకూడదు.

ఆ పాత అర్థం తెలుగు ప్రామిసరీ నోటులో ఇంకా బతికే ఉంది. అంకెల్లో 10,000 వేశాక పక్కనే 'అక్షరాలా పదివేల రూపాయలు' అని రాస్తారు. రెండూ పొసగకపోతే అక్షరాల్లో రాసిన మొత్తమే చెల్లుతుందని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ చెబుతోంది.