షుగర్ రోగికి పాఠం చెప్పిన డాక్టర్లు

మా హేతువాద సంఘం సమావేశాల్లో బాబాల గురించి, జ్యోతిష్యం గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. కాని మూఢనమ్మకాలకు గుడి అవసరం లేదు. "షుగర్ శాశ్వతంగా మాయం" అనే పోస్టరు చాలు. ఆ పోస్టరు నమ్మేవాళ్ళంతా తెలివి తక్కువవాళ్ళని నేను అనుకోను. తన రోగం ఏమిటో విడమరచి చెప్పేవాళ్ళు లేనప్పుడు, ధైర్యంగా అబద్ధం చెప్పేవాడి మాటే మనిషి వింటాడు. డయాబెటిస్ చరిత్ర చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

చరక, సుశ్రుత సంహితల్లో మధుమేహం గురించి ఉంది. ఈ రోగి మూత్రానికి చీమలు పడతాయని మన పాత వైద్యులు గమనించారు. మంచి పరిశీలనే. కాని తీపిని గమనించడం వేరు, కారణం తెలుసుకోవడం వేరు. ఆ తీపి చక్కెరదేనని, అది రక్తంలో కూడా ఉంటుందని ఇంగ్లండులో మాథ్యూ డాబ్సన్ 1776లో చూపించాడు. కుక్కకు క్లోమగ్రంథి తీసేస్తే డయాబెటిస్ వస్తుందని 1889లో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ తేల్చారు. "అన్నీ మన గ్రంథాల్లోనే ఉన్నాయి" అనేవాళ్ళు ఈ మధ్య జరిగిన పనిని లెక్కలోకి తీసుకోరు.

1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ మీద పని మొదలుపెట్టారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇచ్చారు. బాంటింగ్, బెస్ట్, కాలిప్ తమ పేటెంటు హక్కును తలా ఒక్క డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ఈ కథ చాలామందికి తెలుసు. తర్వాత వచ్చిన చిక్కు మాత్రం అంతగా తెలియదు. ఇన్సులిన్ ఒకసారి వేస్తే సరిపోయేది కాదు. రోజూ వేసుకోవాలి, తిండికి తగ్గట్టు వేసుకోవాలి. ఎక్కువైతే చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. డాక్టరు రోజూ ఇంట్లో కూర్చోలేడు కదా! రోగే సగం డాక్టరు కావాలి.

ఈ సంగతి ఇన్సులిన్ రాకముందే గ్రహించినవాడు బోస్టన్ డాక్టరు ఇలియట్ జాస్లిన్. ఆయన 1918లో డాక్టరూ రోగీ ఇద్దరూ చదువుకునేలా ఒక పుస్తకం రాశాడు. నర్సులకు శిక్షణ ఇచ్చి రోగుల ఇళ్ళకు పంపించాడు. వైద్యం గుట్టుగా ఉంచుకోవలసిన విద్య అని నమ్మే రోజుల్లో ఇది చిన్న మార్పు కాదు.

లండన్ డాక్టరు ఆర్.డి. లారెన్స్‌కు తనకే డయాబెటిస్. ఇక ఎక్కువ రోజులు బతకనని ఇటలీలో ఉంటుండగా, 1923లో ఇన్సులిన్ వచ్చిందని కబురు అందింది. తిరిగి వచ్చి బతికాడు. 1925లో రోగుల కోసం పుస్తకం రాశాడు. 1934లో ఆయనా, ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న రచయిత హెచ్.జి. వెల్స్ కలిసి డయాబెటిక్ అసోసియేషన్ పెట్టారు. వెల్స్ పేరు హేతువాదులకు కొత్త కాదు. రోగులు చేతులు జోడించి నిలబడకుండా తమ రోగం గురించి తామే తెలుసుకోవాలని పెట్టిన సంఘం అది.

చదువు చెబితే ఫలితం ఉంటుందా? లాస్ ఏంజెలెస్‌లో పేదలు వచ్చే కౌంటీ ఆసుపత్రిలో డాక్టర్ లియోనా మిల్లర్ రోగులకు పాఠాలు చెప్పించింది, సందేహం వస్తే ఫోన్ చేసే ఏర్పాటు పెట్టింది. డయాబెటిక్ కోమాతో చేరేవారు బాగా తగ్గిపోయారని 1972లో ప్రచురించింది. కొత్త మందేమీ ఇవ్వలేదు. మాట్లాడారు, అంతే.

మన దగ్గర 1948లోనే మద్రాసు స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టర్ ఎం. విశ్వనాథన్ డయాబెటిస్ క్లినిక్ మొదలుపెట్టారు. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఇప్పుడు దేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్లకు పైనే అని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. ఇంతమందిలో చాలామందికి అందేది ఒక చీటీ, "స్వీట్లు మానెయ్యి" అనే ఒక్క మాట. మిగతాది పక్కింటివాళ్ళు చెబుతారు, పోస్టర్లు చెబుతాయి. షుగర్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 చట్టం ప్రకారమే నేరం. అయినా ఆగలేదు. ప్రశ్నకు జవాబు దొరకనంతకాలం ఆగదు కూడా.

అందుకని కొత్తగా షుగర్ బయటపడినవారు డాక్టరును కొన్ని ప్రశ్నలు అడగాలి. నాది ఏ రకం? మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఎంత ఉంది? చెమటలు, వణుకు వచ్చి చక్కెర పడిపోతే ఏం చెయ్యాలి? కళ్ళు, కిడ్నీలు, పాదాలు ఎప్పుడు చూపించుకోవాలి? బరువు బాగా తగ్గి మందులు లేకుండానే షుగర్ అదుపులో పెట్టుకున్న రెండో రకం రోగులు ఉన్నారు. కాని అది పరీక్షలు చేయించుకుంటూ, డాక్టరుకు చెప్పి చేసిన పని. మొదటి రకం వారు ఇన్సులిన్ మానితే ప్రాణానికే ముప్పు. ఎవరి పొడి నమ్మినా ఈ నిజం మారదు.

అడిగితే విసుక్కునే డాక్టర్లు ఉంటారు. అయినా అడగండి. జాస్లిన్, లారెన్స్ రోగుల చేతికి పుస్తకాలు ఇచ్చింది వాళ్ళు అడగడం నేర్చుకోవాలనే.