ప్రపంచ కప్‌లో జమైకా మహిళలు (2019)

‘రెగే గర్ల్స్’గా పేరుపడ్డ జమైకా మహిళల ఫుట్‌బాల్ జట్టు తొలిసారి ప్రపంచ కప్ ఆడింది 2019లో, ఫ్రాన్స్‌లో. కరీబియన్ దీవుల నుంచి అంతవరకు వెళ్లిన మొదటి మహిళల జట్టు ఇదే.

అంతకు కొన్నేళ్ల ముందు డబ్బుల్లేక జట్టే మూలన పడింది. గాయకుడు బాబ్ మార్లే కూతురు సెడెల్లా మార్లే 2014లో విరాళాలు కూడగట్టి దానికి మళ్లీ ఊపిరి పోశారు. 2018 అక్టోబరులో పనామాతో మ్యాచ్ 2-2తో ముగియగా, పెనాల్టీల్లో 4-2తో గెలిచి బెర్తు దక్కించుకుంది.

ఫ్రాన్స్‌లో మాత్రం చుక్కలు కనిపించాయి. బ్రెజిల్ చేతిలో 0-3, ఇటలీ చేతిలో 0-5, ఆస్ట్రేలియా చేతిలో 1-4. ఆ నాలుగు గోల్సూ సామ్ కెర్ ఒక్కరే కొట్టారు! అయితే చరిత్రకెక్కింది ఆ మ్యాచ్‌లోనే సబ్‌స్టిట్యూట్‌గా దిగిన హవానా సోలాన్ గోల్: ప్రపంచ కప్‌లో జమైకా మహిళలకు అదే మొదటిది.

2023లో ఇదే జట్టు బ్రెజిల్‌ను 0-0తో నిలువరించి ప్రీక్వార్టర్స్‌కు చేరింది.