చెరువు కట్ట మీది ఫొటో కూడా చరిత్రే

మద్రాసు ప్రభుత్వం 1856లో లీనియస్ ట్రైప్ అనే సైనికాధికారిని తన ఫొటోగ్రాఫర్‌గా నియమించింది. పెద్ద పెద్ద కాగితపు నెగెటివ్‌లతో దక్షిణాది తిరిగిన ఆయన, కుప్పానికి దగ్గర్లోని రాయకోటనూ చిత్రించాడు. ఆ ఫొటోల సంపుటి 1858లో వెలువడింది. అయితే సర్కారు చూపు ఎక్కువగా కోటల మీద, గుళ్ల మీదే నిలిచింది. నిమ్మనపల్లె దగ్గర బాహుదా ఏ ఏడు ఎంత పారిందో, ఏ చెరువు మరవ పోయిందో దానికి పట్టలేదు. ఆ వెలితిని కొంతైనా పూడ్చగలిగినవి సరదాకి తీసుకున్న మామూలు ఫొటోలే. వాటినీ చరిత్రకు ఆధారాలుగా లెక్కలోకి తీసుకోవాలి.

కొడాక్ 1900లో ఒక్క డాలరుకే బ్రౌనీ కెమెరా అమ్మి ఫొటోగ్రఫీని సామాన్యుల చేతికిచ్చింది. మన మధ్యతరగతి ఇళ్లకు ఆ ముచ్చట తీర్చిన వాటిలో ఆగ్ఫా క్లిక్-త్రీ ఒకటి. రోలుకు 12 ఫొటోలు. ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు. అలాంటి కెమెరాతో బాహుదా ప్రాజెక్టు గట్టునో, హార్స్‌లీ కొండ దారిలోనో చుట్టాలను నిలబెట్టి తీసిన ఫొటో ఉంటే, మనుషుల వెనక ఏముందో చూడండి. రాళ్ల మీది చార నీళ్లు అంతకుముందు ఎందాకా నిండాయో చెబుతుంది. కపిల బావి ఉందా, బోరు పైపు వచ్చిందా? అది వేరుశనగ చేనా, కట్టెలు నాటిన టమోటా తోటా? తీసినవాళ్లు వీటి కోసం తీయలేదు కాబట్టే ఆ సాక్ష్యం నమ్మదగింది.

తేదీ లేని, మసకబారిన ఫొటోలు ఏం రుజువు చేస్తాయని చరిత్రకారులు అడగవచ్చు. ఆ అనుమానం సబబే. వానల తర్వాతి పచ్చదనం చూసి అడవి పెరిగిందనుకునే ప్రమాదం ఉంది. కానీ కొండల వరస మారదు. దాన్నిబట్టి పాత ఫొటో తీసిన చోటు కనిపెట్టి, అదే నెలలో మళ్లీ తీసి పోల్చవచ్చు. ఆల్ప్స్‌లో హిమానీనదాలు ఎంత కరిగాయో శాస్త్రజ్ఞులు పోల్చి చూపింది ఇలాగే. రిషి వ్యాలీ చుట్టూ బోడి కొండలు పచ్చబడ్డాయన్న మాటను కొత్త తరం కళ్లారా నమ్మాలన్నా పాత ఫొటోలే కావాలి. ఫోన్లలో ఇప్పుడు లెక్కలేనన్ని ఉన్నాయిగా అంటారా? ఫోను పోతే అవీ పోతాయి. కాబట్టి మీ ఇంటి ఆల్బమ్ తీయండి. పెద్దవాళ్లు ఉండగానే అడిగి, ప్రతి ఫొటో వెనక ఊరు, చోటు, ఏడాది పెన్సిల్‌తో రాయండి.